బతికున్నట్టు రుజువు

“కళ్లార్పమంటే మూసేస్తావేటి తాతా? మళ్లీ పోయింది!”

హేమమాలిని విసుగ్గా ఫోన్ దించింది. పెన్షన్ తీసుకునే ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నామని ఏటేటా ఆఫీసుకెళ్లి కనబడి రావాలి. ఈ ఏడాది నుంచి ఆ తిప్పలు లేవట. ఇంట్లోనే ఫోన్ ముందు మొహం పెట్టి ఒకసారి కళ్లార్పితే చాలట.

కూర్మనాథం మాత్రం ఫోన్ ఎత్తగానే కళ్లు గట్టిగా మూసేస్తున్నాడు. నడుమ నడుమ ఒక కన్ను తెరిచి, పని చెడిందో లేదోనని మనవరాలి మొహం చూస్తున్నాడు.

“ఎలుగు కళ్లలో పొడుస్తాందే గుంటా. నానేటి సెయ్యను?”

పచ్చి అబద్ధం! బర్మా రేవులో క్రేను నడిపినన్నాళ్లూ మిట్టమధ్యాహ్నపు ఎండకే బెదరని కళ్లవి. అసలు సంగతి వేరు. ఆ రోజుల్లో రేవు కూలీలంతా ఒకే వరస ఇళ్లలో ఉండేవారు. ఒకరింట్లో చేపల పులుసు ఉడికితే అందరి కంచాల్లోకీ వచ్చేది. ఆ ఇళ్లూ పోయాయి, మనుషులూ చెదిరిపోయారు. మనవరాలి బట్టల ఫ్యాక్టరీ పని కోసం తను ఊరి చివర లైంగ్‌థార్యార్ పేటకి చేరాడు, పక్కింటి నేస్తం బుల్లియ్య కాలవ దాటి ట్వంటే ఊరికి పోయాడు. మళ్లీ అందరూ కలిసేది ఏడాదికొక్కరోజు, లమ్మడా పేటలో ఆ పెన్షన్ ఆఫీసు వరండాలో. ఈ దిక్కుమాలిన ఫోన్ ఆ ఒక్కరోజునీ మింగేస్తానంటే ఊరుకుంటాడా?

హేమ ఫోన్ మీద ఏదో నొక్కి, కాసేపు దానికేసి చూసింది.

“ఇది అయ్యీలా లేదు. పద, ఆఫీసుకే ఎల్దాం. ఇయ్యాల నాకు సెలవే.”

ముసలాయన మూలుగుతూ లేచాడు. ఇస్త్రీ లుంగీ మాత్రం రాత్రే తీసి పెట్టుకున్నాడు.

బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే గుబులు. బుల్లియ్య ఫోన్‌లోనే పని కానిచ్చేసుకుని ఉంటే? వరండాలో వట్టి బల్ల చూసి తిరిగి రావాలా?

వరండా ఎక్కగానే ప్రాణం లేచి వచ్చింది. బల్ల మీద బుల్లియ్య, పక్కన దండాసి, ఇంకా అందరూ ఉన్నారు!

“ఓరి బుల్లియ్యా! నీ మొకవూ ఫోన్‌కి ఎక్కలేదేట్రా?”

“ఎక్కనిస్తానేటి? నాలిక సాపీసినాను!” బుల్లియ్య చెవిలో చెప్పి పకపకా నవ్వాడు. దండాసి అయితే మనవడు ఫోన్ ఎత్తినప్పుడల్లా తుమ్మాడట.

టీలు వచ్చాయి. పాత ఓడలు, పాత మేస్త్రీల తిట్లు, అలకలు అన్నీ లేచి వచ్చాయి. నవ్వీ నవ్వీ కూర్మనాథానికి కళ్లు చెమర్చాయి. ఇదొక్కటీ లేకపోతే తను బతికున్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది.

ఇంతలో పిలుపొచ్చింది. కౌంటర్‌లో బర్మా అమ్మాయి కంప్యూటర్ చూసి నవ్వింది.

“కూర్మనాథం గారూ, మీది పొద్దున్నే ఇంటి దగ్గర అయిపోయిందే!”

ఆయన గతుక్కుమని వెనక్కి తిరిగాడు. హేమ చటుక్కున మొహం తిప్పేసుకుంది.

కౌంటర్ అమ్మాయి గొంతు తగ్గించింది. “బల్ల మీదున్న వాళ్లకి చెప్పకండి. వాళ్లందరివీ కూడా ఇంటి దగ్గరే అయిపోయాయి.”