చనిపోయినావిడ వేలిముద్ర

చీకటి పడేసరికి పాత రికార్డుల గదిలో టీచరమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె తమ వంశ చరిత్ర రాస్తోంది. "మన భూమి ముత్తాత కష్టార్జితమే తల్లీ" అని నాన్న ఎప్పుడూ గొప్పగా చెప్పేవాడు. ఆ మాటకు సాక్ష్యంగా ముత్తాత పేరున దొరల కాలంనాటి క్రయ దస్తావేజు దొరికింది. భూమి అమ్మింది పిల్లాజెల్లా లేని ఓ ముసలి వితంతువు. కింద ఆమె వేలిముద్ర ఉంది.

మరణాల రిజిస్టరులోనూ అదే వితంతువు పేరు కనిపించింది. ఆవిడ పోయింది సోమవారం. భూమి అమ్మినట్టు వేలిముద్ర వేసింది ఆ తర్వాత వచ్చిన గురువారం.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. తాను తిన్న తిండీ, చదివిన చదువూ ఆ భూమి పెట్టినవే. ఎవరి కంటా పడకుండా ఆ కాగితాన్ని కట్ట అడుక్కి తోయబోతుంటే బొటనవేలికి చల్లగా తడి తగిలింది. నూరేళ్ల నాటి సిరా ఇంకా ఆరలేదు.

"దొరికిందా అమ్మా?" గుమ్మంలోంచి గుమాస్తా అడిగాడు.

"లేదండీ," అంది, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.

"అయితే మీ పెద్దావిడను కూడా లేవమనండి, తాళం వెయ్యాలి. ఇందాకట్నుంచీ పక్కనే కూర్చుని మీరు రాసేదే చూస్తున్నారు, పాపం."

పక్కకు తిరిగి చూడడానికి టీచరమ్మకు ముఖం చెల్లలేదు.