రెండో కార్డు

“కార్డులన్నీ కలిపి కుప్ప పోయడమెందుకక్కా?” అంది కొత్తావిడ.

లైబ్రేరియన్ తల ఎత్తింది.

మూతపడిన చిన్న లైబ్రరీ పుస్తకాలను ఈ పెద్ద లైబ్రరీలో కలిపేశారు. వాటి వెంట ఆ పుస్తకాల పేర్లు రాసిన కార్డుల సొరుగులు వచ్చాయి. సొరుగుల వెంట ఈవిడా వచ్చింది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే ఉద్యోగం.

“మరెలా చేస్తారట?”

“మీవీ అక్షర క్రమంలోనే ఉన్నాయి, మావీ అంతే. రెండు సొరుగులూ పక్కపక్కన పెట్టి, మొదటి కార్డులు మాత్రమే చూద్దాం. ఏది ముందు రావాలో అది మూడో సొరుగులోకి. రెండూ ఒకే పుస్తకానివైతే ఒకటి ఉంచి, రెండోది తీసేద్దాం.”

సాయంత్రానికి కొన్ని కొత్త సొరుగులు నిండాయి. లైబ్రేరియన్ పోసిన కుప్ప మాత్రం పొద్దుట ఎలా ఉందో అలాగే ఉంది.

“ఎంత తేలిక చేశారమ్మా!” అన్నాడు డైరెక్టరు, కొత్తావిడతో.



అటెండరు సైతం టీ ముందుగా ఆవిడకే ఇచ్చాడు.

“నేను కనబడలేదా?” అంది లైబ్రేరియన్.

“అయ్యో, మీరు చల్లారితే గానీ తాగరు కదమ్మా!”

మర్నాడు లైబ్రేరియన్ ఒక సంగతి గమనించింది. జంట కార్డులు వచ్చిన ప్రతిసారీ కొత్తావిడ తన కార్డునే చింపుతోంది.

“మీవే చింపుకుంటున్నారేం? నన్ను కాకా పడుతున్నారా?”

“అరల నెంబర్లు మీ కార్డుల మీదే ఉన్నాయిగా అక్కా. ముందు నుంచీ ఉన్నదాన్నే ఉంచాలి.”

“నేనేం మీ అక్కను కాను.”

అంతటితో ఆగలేదు. నేరుగా డైరెక్టరు గదికి వెళ్లింది.

“నిక్షేపంలాంటి కార్డులను చెత్తబుట్ట పాలు చేస్తోంది. అలాంటి మనిషి చేతిలో లైబ్రరీ పెడతారా?”

డైరెక్టరు ఆమెను తేరిపార చూశాడు.

“ముందు సొరుగులు పూర్తి కానివ్వండి.”

చివరి సొరుగు నిండిన మర్నాడు కొత్తావిడ కుర్చీ ఖాళీగా ఉంది. చెత్తబుట్టలో చింపిన కార్డులు ఇంకా అలాగే ఉన్నాయి.

“పంపించేశారా?” డైరెక్టరును అడిగిన లైబ్రేరియన్ గొంతులో సంతోషం దాగలేదు.

“ఆవిడే వెళ్లిపోయారు. ఉద్యోగం మీదే.”

“పోన్లెండి, నా మాట మీ చెవికెక్కింది.”

“మీ మాట కాదమ్మా,” అన్నాడు డైరెక్టరు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “మిమ్మల్ని తీసేసి ఆవిడను ఉంచమని మొదటిరోజే ఉత్తర్వు వచ్చింది. కానీ ముందు నుంచీ ఉన్నది మీరేనంటూ ఆవిడే పట్టుబట్టి తన పేరు కొట్టేయించుకున్నారు.”