మెడలో వేసే అట్ట

“ఏసీ గది ఇచ్చినాము, కారు పెట్టినాము. మళ్లా ఈ టీచరమ్మ ఆ బేతంచెర్ల సర్కారు బడికే పోతానంటాది. ఆడ ఏముండాదో అడుగమ్మా!” ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి కరస్పాండెంట్ వీరభద్ర టేబుల్ గుద్దాడు.

సాజియా టీచర్ ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చబోయింది. కెన్యా నుంచి వచ్చిన వాంజికు టీచర్ ఆమెను ఆపి, తెలుగులోనే జవాబిచ్చింది.

“ఆడ నా తెలుగుకు పిల్లోళ్లు నవ్వుతారు సార్. వాళ్ల ఇంగ్లీషుకు నేను నవ్వుతా. ఈడ నన్ను చూస్తానే భయంతో నోరు మూసుకుంటారు.”

గోడకు ‘నేను తెలుగు మాట్లాడను’ అని ఇంగ్లీషులో రాసిన అట్ట వేలాడుతోంది. తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో సాజియానే దాన్ని వేస్తుంది. వాంజికు ఆ అట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది.

“ఇప్పుడు సారూ, నేనూ ఇద్దరమూ తెలుగే మాట్లాడినాము. ఎవరి మెడలో ఏస్తావు?”

సాజియా తలెత్తి కరస్పాండెంట్ మెడవైపు చూసింది.