ప్రతి కుర్చీకీ ఒక కాపలా

“ఎవరమ్మా నువ్వు? నా సీట్లో కూర్చున్నావేంటి?”

టీ గ్లాసుతో తిరిగొచ్చిన ఘస్సాన్ గుమ్మంలోనే గొంతు చించుకున్నాడు.

అతని కంప్యూటర్ ముందున్న ముసలావిడ తెర మీంచి చూపు తిప్పలేదు.

“మీ యజమాని పంపాడు బాబూ. నాటకశాల సీట్ల పటం నొక్కితే పలకడం లేదట కదా.”

సాయంత్రపు అసర్ నమాజు వేళకి అమ్మాన్ నగరమంతా టిక్కెట్ల కోసం ఆ పటం మీద పడుతుంది. ఏ కుర్చీ బొమ్మ నొక్కితే ఆ కుర్చీ దక్కాలి. లేదంటే ఉద్యోగం ఊడినట్టేనని ఘస్సాన్‌కి పొద్దున్నే చెప్పేశారు.

తెర చూసి అతనికి ఒళ్లు మండిపోయింది. సగం కోడ్ లేదు!

“నేను రాసిందంతా చెరిపేశావా?”

“నీ కోడ్‌లో ప్రతి కుర్చీ పక్కనా ఒక కాపలావాణ్ణి నిలబెట్టావు నాయనా. పాత ఫోన్లు ఆ బరువు మొయ్యలేవు. హాలు గుమ్మంలో ఒక్కణ్ణి పెడితే చాలు. ఏ కుర్చీని నొక్కారో వాడే కనుక్కుంటాడు.”

“కోడ్ పైన పేరు చూశావా? జైతూన్! నెట్‌లో ఆయన రాసింది కాపీ కొట్టే ఈ ఊళ్లో సగం మంది బతుకుతున్నారు. ఆ పద్ధతి ఆయనది!”

“ఎప్పటిదో అది. అప్పటికి అంతే తెలుసు,” అంటూ ఆవిడ కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది.

“ఆయనకి తెలీనిది నీకు తెలిసిందా? వెళ్లు పిన్నీ, ఇంటికెళ్లి ములుఖియా కూర వండుకో!”

పక్క బల్ల దగ్గర నిజార్ కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుతో ఘస్సాన్‌కి ఇంకా ఊపొచ్చింది. కీబోర్డు లాక్కుని, ఆవిణ్ణి గుమ్మం దాకా తరిమాడు.

“ఆగు బాబూ, నా…”

“నీదీ లేదు, నాదీ లేదు. నడు!”

తలుపు ధడేలుమంది.

చెరిపిందంతా మళ్లీ తెచ్చి పెట్టుకున్నాడు. అజాన్ వినిపించింది. జనం పటం మీద పడ్డారు.

పటం బిగుసుకుపోయింది.

ఘస్సాన్ నెట్‌లో జైతూన్‌కి మెసేజ్ పెట్టాడు. ఆఫీసు పేరు, నాటకశాల పేరు, తన నంబరు, అన్నీ రాశాడు. ‘ఉస్తాద్, మీ కాళ్లు పట్టుకుంటా. ఇప్పుడే దారి చెప్పండి.’

ఉలుకూ పలుకూ లేదు.

యజమాని మాత్రం ఫోన్ చేశాడు.

“నాటకశాల వాళ్లు పని వేరేవాళ్లకిచ్చేశారు. ఆవిడ మాట విని చావొచ్చు కదరా! బల్ల ఖాళీ చేసి పో.”

పొద్దుగుంకే మగ్రిబ్ వేళకి బల్ల మీది సామాను సంచిలో సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“జైతూన్‌ని మాట్లాడుతున్నాను నాయనా.”

ఆ గొంతు వినగానే ఘస్సాన్ చేతిలోని సంచి జారిపోయింది.

“నీ మెసేజ్ అప్పుడే వచ్చిందట, మనవరాలు బడి నుంచి వచ్చి ఇప్పుడే చదివి వినిపించింది, ఏం చెయ్యను, నా కళ్లద్దాలు నీ కీబోర్డు పక్కనే ఉండిపోయాయి.”