మోగని చక్రం

“చక్రం మాట ఇనాలంటే సెవుండాల సార్! అది దేవుడిచ్చే సొత్తు. ఇలాటోడికి ఎలాగొస్తాది?”

గణపతిరావు గొంతుకు ఫోర్‌మన్ గది కిటికీ అద్దాలు అదిరాయి. బయట కూర్చున్న గుమాస్తా ఒకసారి తలెత్తి, మళ్లీ రాతలో పడ్డాడు. ఆ గొంతు యార్డులో అందరికీ అలవాటే. ఈ చివర అరిస్తే ఆ చివర వినబడుతుంది.

బల్లకు అటు ఫోర్‌మన్ సమూయేలు. ఇటు గణపతిరావు. తలుపు పక్కన చేతులు కట్టుకుని ఆయన సహాయకుడు దేముడు.

మంగళవారం ఖరగ్‌పూర్ నుంచి వెళ్లిన పాసింజరు బండిలో, మూడో పెట్టె చక్రం బీటవారి ఉందని తర్వాతి స్టేషన్లో పట్టుకున్నారు. జనం బతికిపోయారు. కానీ ఆ చక్రం మీద ఇక్కడ సుద్దతో పెట్టిన ‘బాగుంది’ గుర్తు ఉంది.

చక్రాన్ని సుత్తితో కొట్టేవాడు గణపతిరావు. మంచి చక్రం గుడిగంటలా మోగుతుంది. బీటవారినది బండగా పలుకుతుంది. ఆయన వెంట నడుస్తూ గుర్తు పెట్టేవాడు దేముడు. ఇరవై ఎనిమిదేళ్లలో గణపతిరావు సుత్తి కింద ఒక్క చెడ్డ చక్రం దాటిపోలేదని యార్డంతా చెప్పుకుంటుంది.

ఆయనకు దేముడంటే చులకన. వాడి బీడీ కంపు, మాసిన చొక్కా, శనివారం కూడా చేపల కూర! తను మాత్రం నుదుటి నామం చెదరనివ్వడు. ఖరిదా పేట రామమందిరంలో శనివారం భజనకు తాళాలు ఆయనవే. ఈ మధ్య హార్మోనియం చిన్నారావు ఒకటి రెండుసార్లు మొహం చిట్లించాడు గానీ, అంత భక్తి ముందు లయ తప్పిందని ఎవరంటారు? దారిలో వెనకనుంచి ఎవరైనా “దండాలు గణపతన్నా” అంటే తిరిగి చూసేవాడు కాదు. పెద్దరికం అలాంటిది.

“సరే, మంగళవారం ఏం జరిగింది?” అన్నాడు సమూయేలు.

గణపతిరావు అధికారి నోటికేసి కళ్లార్పకుండా చూశాడు. ఆ వినయం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

“ఏటవుతాది సార్? ఈడు తోకలాగ నన్నంటుకునే నడుస్తాడు. మాటిమాటికీ నా మోచెయ్యి తడతాడు. గణపతిరావుకి ఊతకర్ర దొరికినాదని నలుగురూ నవ్వుతున్నారు. ‘ఎనక్కెల్లరా, పది చక్రాల దూరంలో రా’ అన్నాను. మూడో పెట్టెది బాగోనేదని కేకేసి మరీ సెప్పినాను. ఈడికి ఇనబడనేదు!” దేముడి వైపు తిరిగాడు. “సెవులున్నాయేట్రా నీకు? లేకపోతే తలకి అందం కోసం ఎట్టుకున్నావా?”

బయట గుమాస్తా కిసుక్కున నవ్వాడు.

సమూయేలు లేచి, కిటికీలోంచి యార్డు వైపు చూస్తూ అడిగాడు. “మీరు చెప్పినప్పుడు పక్కన ఇంకెవరైనా ఉన్నారా?”

గణపతిరావు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. తన మాటకే సాక్ష్యం అడుగుతారా అన్నట్టుంది ఆ నిలబడ్డ తీరు.

“ఎవురూ నేరు బాబూ. నేనొక్కణ్ణే,” అన్నాడు దేముడు గబుక్కున.

“నిన్నడగలేదు.”

దేముడు తల దించుకున్నాడు.

“పోనీ నువ్వే చెప్పు. ఆయన కేక నీకు వినబడలేదా?”

దేముడు గణపతిరావు మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏవగింపు తప్ప ఇంకేమీ లేదు.

“ఈయనకింకా అయిదు నెల్లే సర్వీసుంది బాబూ.”

“ఆయన సర్వీసుతో నీకేం పని? అడిగినదానికి చెప్పు.”

“తప్పు నాదే బాబూ. రాసుకోండి.”

“తప్పు నాదే అంటే సరిపోయిందా?” సమూయేలు గొంతులో అసహ్యం దాగలేదు. “నీ సుద్దముక్కని నమ్మి బండిలో పిల్లల్ని పడుకోబెట్టుకుంటారురా జనం!”

“అదే బాబూ నాకు అన్నం సయించనీడం నేదు,” అన్నాడు దేముడు.

సమూయేలు కుర్చీలో కూర్చుని, కాగితం మీద సంతకం చేశాడు. తరవాత తలెత్తి, గణపతిరావు మొహంలోకి చూస్తూ చెప్పాడు. “రేపట్నుంచి వీడు ఇంజన్ల బూడిద గుంటలో పని చేస్తాడు. మీరొక్కరే చక్రాలు చూసుకోండి. మీకు తోడెందుకు?”

“ఠీక్ హై సార్!” గణపతిరావు మొహం విప్పారింది. దేముడి వైపు చూసి పెదవి విరిచాడు. “బూడిద ఎత్తడానికి సెవులక్కర్లేదు. ఎల్లరా!”

దేముడు సుద్దముక్క జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

గణపతిరావు జేబు గడియారం తీసి, ధోవతి చెంగుతో అద్దం తుడవసాగాడు. అప్పుడే కార్ఖానా సైరన్ అందుకుంది. ఖరిదా దాటి వినబడే కూత అది. పైకప్పు రేకుల మీది పావురాలు ఒక్కసారిగా లేచాయి. గుమాస్తా కలం పడేసి అన్నం డబ్బా అందుకున్నాడు. దేముడు అలవాటు కొద్దీ గణపతిరావు మోచేతి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకున్నాడు.

గణపతిరావు గడియారంలోకి చూసి, చిరాగ్గా తల ఆడించాడు.

“పన్నెండు దాటినాది, సైరన్ ఇంకా మోగనేదేటి సార్?”