పేరు లేని తప్పు

పొద్దున్నే పాఠం అప్పజెబితే గానీ ఇప్పుడు ల్యాబ్ తలుపు తెరుచుకోదు. కిడ్నీ మార్పిడికి రక్తాలు సరిపోల్చే సుభాషిణి, గోరుచిక్కుళ్లు తుంచుతూ వంటింటి గోడలోని తెర చెప్పే పాఠం వింటోంది. పాఠాలన్నీ ఎవరో చేసిన తప్పులే. పేర్లుండవు.

"నమూనా తీశాక రోగికి రక్తం ఎక్కించారు; దాంతో ఒంట్లో పరాయి కిడ్నీని ఎదిరించే ప్రతిరక్షకాలు పుట్టాయి. నిపుణురాలు అది కనుక్కోకుండా, పాత నమూనా చూసి సరిపోయిందని రాసింది. కొత్త కిడ్నీ మూడోరోజే పాడైంది."

సుభాషిణి చేతులు ఆగిపోయాయి. ఆ రిపోర్టు మీద సంతకం తనదే.

"ఎవరో గానీ మహాతల్లి, ఒక్క మాట అడిగితే ఏం పోయేది?" అన్నారు పక్కనే కూర్చున్న అత్తగారు.

"మీరైతే ఏం చేసేవారు?" గోడ అడిగింది.

"మళ్లీ రక్తం తీసి చూసేదాన్ని," అంది సుభాషిణి తలెత్తకుండా.

"పూర్తి మార్కులు!"

"మా కోడలు అలాంటిది కాదమ్మా," అని అత్తగారు గోడతో గర్వంగా చెప్పారు.