చూసే మనిషి

కంచె అవతల ఎవరో ముసలాయన గుర్రంతో నిలబడ్డాడని కూతురు రజనీకుమారి చెప్పగానే, గణపతిరావు టీ గ్లాసు కింద పెట్టి కుంటుకుంటూ పరిగెత్తాడు.

అది మగగుర్రం. ఎముకలు తేలి, ఒక చెవి చిరిగి ఉంది.

కంచె ఇవతల మోతీ ఉంది. భిలాయిలో పెళ్ళికొడుకుల్ని ఊరేగించే తెల్లటి ఆడగుర్రం. ఉక్కు ప్లాంటులో కాలు విరిగి గణపతిరావు పని మానేశాక, ఇల్లు దాని మీదే నడుస్తోంది.

"ఏటి కావాల?"

"డాక్టరమ్మ..." అని ముసలాయన ఏదో మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మే అన్నీ సూసుకుంటాది. నీ గుర్రంతోటి నాకు పన్నేదు. చలో."

ముసలాయన మాట మింగేసి, మురుగుకాలవ దాకా వెనక్కి జరిగాడు. కాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయాడు.

గణపతిరావుకి అనుమానం ఊరికే రాలేదు. స్టేషన్ దగ్గరి టాంగావాళ్ళు అప్పటికే రెండుసార్లు వచ్చి, మోతీ చూలుకి ఒక్కపూట మా గుర్రాన్ని వదిలితే పోయేదానికి ఇంట్లో ఆసుపత్రి ఎందుకని నవ్వి వెళ్ళారు. అలాంటి గుర్రం ఒకటి కంచె దూకితే అంతా పోతుంది.

మోతీకి పద్దెనిమిదేళ్ళు. రాయపూర్ నుంచి వచ్చే పశువుల డాక్టరు కుముదిని ముందే చెప్పింది. ఈ జూన్‌లో ఒక్కసారి ప్రయత్నిద్దాం, చూలు నిలవకపోతే ఇక దాని వయసు ఒప్పుకోదు అని. మేలుజాతి గుర్రం వీర్యాన్ని మంచుపెట్టెలో తెప్పిస్తానంది. అది రెండు రోజులకి మించి ఉండదు. అందుకని మోతీ ఎదకొచ్చిన రోజు సరిగ్గా తెలియాలి. అది కనిపెట్టడం మీవల్ల కాదు, చూసే మనిషిని పంపుతానంది. అతను చెప్పగానే ఫోన్ చేస్తే మర్నాడే వచ్చేస్తానంది.

ఇంటి వెనకాల అన్నీ సిద్ధంగా ఉన్నాయి. హథ్‌ఖోజ్‌లో వెల్డింగ్ పని చేసే బావమరిది సింహాద్రి, ఇనప పైపులతో మోతీ నిలబడే బోను చేసిచ్చాడు. డెక్క జారకుండా నేలంతా గరుకు సిమెంటు. కుళాయి, నీళ్ళు మరిగించే స్టవ్వు, ఐసుపెట్టె. వచ్చే మనిషి కోసం వరండాలో కుర్చీ, కొత్త తువ్వాలు.

మంగళవారం స్కూటరు చప్పుడైనప్పుడల్లా గణపతిరావు వీధిలోకి వచ్చాడు. బుధవారం ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే, డాక్టరమ్మ పల్లెల్లో క్యాంపుకి వెళ్ళింది, మోతీ ఎదకొస్తే చెప్పండి, కబురు పంపుతామన్నారు. ఐసు కరిగింది. మళ్ళీ తెచ్చారు. అదీ కరిగింది.

"బావా, బోను సేసినోడు వచ్చినాడు, ఐసు మోసినోడు వచ్చినాడు. నీ సూసేవోడేడి?" అన్నాడు సింహాద్రి. "కావాలంటే నన్నే ఆ బోన్లో నిలబెట్టి సూసుకో."

గణపతిరావు నవ్వలేదు.

ముసలాయన మాత్రం మానలేదు. రోజూ తెల్లవారేసరికి కాలవ అవతల కనిపించేవాడు. బకెట్లు కడుగుతూ రజనీకుమారి చూసేది. మోతీ చెవులు వెనక్కి వాల్చి, కంచెని తన్నేది. అది చూసి ముసలాయన తల ఊపి, గుర్రాన్ని తిప్పుకొని వెళ్ళిపోయేవాడు.

గురువారం మోతీ తన్నలేదు. తనే కంచె దగ్గరికి వెళ్ళి, ఒళ్ళు ఆనించి, తోక పక్కకి ఎత్తి కదలకుండా నిలబడింది.

ముసలాయన గుర్రంతోనే గబగబా కంచె దగ్గరికి, రజనీకుమారి ఉన్నచోటికి వచ్చాడు.

"బేటీ, మీ నాన్నకి సెప్పు. ఈ రోజు, రేపు. ఆ తరవాత లాభం నేదు."

ఆమెకి అర్థమైంది. ముఖం వేడెక్కింది. పద్నాలుగేళ్ళ పిల్ల. నిరుడు దాకా అమ్మమ్మ ఊళ్ళో చదివింది. వరండాలో నాన్న, మామయ్య కూర్చొని ఉన్నారు. అలాంటి మాట వాళ్ళ ముందు ఎలా అనడం?

అయినా వెళ్ళింది.

"నాన్నా, మోతీ..."

"ఏటయింది మోతీకి?"

"గడ్డి తినలేదు," అంది రజనీకుమారి.

గణపతిరావు కంగారుగా వెనక్కి వెళ్ళాడు. కంచెకి ఇటు మోతీ, అటు ఆ గుర్రం కనిపించాయి. రాయి తీసి విసిరాడు. అది గుర్రం డొక్కకి తగిలింది. రెండో రాయికి ముసలాయన అడ్డం వచ్చాడు.

భుజం పట్టుకొని, గుర్రాన్ని తిప్పుకొని వెళ్ళిపోయాడు.

గణపతిరావు మోతీని లాక్కొచ్చి లోపల కట్టేశాడు. గండం గడిచిందనుకున్నాడు.

శుక్రవారం కాలవ అవతల ఎవరూ లేరు. శనివారం కూడా లేరు.

తర్వాతి మంగళవారం కుముదిని క్యాంపు నుంచి నేరుగా వచ్చింది. ఇన్ని రోజులైనా మోతీ ఎదకొచ్చిందన్న కబురు ఎందుకు రాలేదని ఆమెకీ కంగారే. బోను చూసి బాగుందంది. మోచేతిపై దాకా తొడుగు వేసుకొని మోతీని పరీక్ష చేసింది. అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు.

"దాటిపోయింది. మూడు రోజులు దాటింది."

"మీరు పంపుతానన్న మనిషి రానేదమ్మా," అన్నాడు గణపతిరావు. "కుర్చీ ఏసుకొని కూకున్నాం."

"రాలేదా? మాట తప్పే మనిషి కాదే."

"ఎవురూ రానేదు. ఎవడో ముసలోడు తన బొమికిల గుర్రాన్ని మోతీ మీదకి తోలబోతే, రాళ్ళేసి తరిమినాను."

తొడుగు తీస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది.

అప్పుడు రజనీకుమారి నోరు తెరిచింది.

"ఆ తాత గురువారమే చెప్పాడు డాక్టరమ్మా. ఈ రోజు, రేపు అన్నాడు. నేనే నాన్నకి చెప్పలేకపోయాను."

కుముదిని మోతీ మెడ నిమిరింది.

"ఆడగుర్రం ఎద మనిషి కంటికి అందదండీ, ఎదురుగా మగగుర్రం నిలబడితేనే బయటపడుతుంది. అందుకే చరోదా నుంచి రోజూ తన గుర్రంతో నడిచి రమ్మని బలరాం దాదాని పంపింది నేనే."